మెనూలో కానరాని పేరు

గదిలో కుండ లేదని మనకు ఎట్లు తెలియును? చూచితిమి, కనబడలేదు, కనుక లేదని చెప్పుదుము. మన పూర్వులు ఈ చిన్న ప్రశ్నను అంత తేలికగా విడిచిపెట్టలేదు. కుమారిలభట్టు మతము ననుసరించు మీమాంసకులు వస్తువు లేకుండుటను తెలిసికొనుటకు అనుపలబ్ధి యను ప్రమాణమును వేఱుగా అంగీకరించిరి. అనుపలబ్ధి యనగా కానరాకుండుట. అయితే కానరానిదెల్ల లేనిది కాదు. గది చీకటిగా నున్నచో కుండ ఉన్నను కనబడదు. దీపముండవలెను, కన్ను బాగుగ నుండవలెను, మనము చూచుచున్నది ఆ గదియే కావలెను. ఇవి యన్నియు సమకూడి, ఉన్నచో తప్పక కనబడియుండెడిదే యని చెప్పగలిగినప్పుడే, కనబడలేదు గనుక లేదనుటకు మనకు అధికారము కలుగును. దీనినే యోగ్యానుపలబ్ధి యందురు.

పండిత పరీక్షకు చదువు దినములలో ఈ మాటను వల్లించితిని గాని, ఇది కంప్యూటరు తెరయెదుట పనికివచ్చునని తలపలేదు. పనికివచ్చిన సందర్భమును చెప్పుటకు ముందు వరియాకును గూర్చి కొంచెము చెప్పవలెను.

వరిపైరునకు అగ్గితెగులు సోకినప్పుడు ఆకులమీద నూలుకండె ఆకారముగల మచ్చలు పుట్టును. మచ్చ నడుమ బూడిదరంగు, అంచున గోధుమరంగు ఉండును. మచ్చలు పెరిగి యొకదానితో నొకటి కలిసినచో ఆకు కాలినట్లు ఎండిపోవును. ఏ వరి రకము ఈ తెగులును ఎంతవఱకు తట్టుకొనునో నిర్ణయించుటకు శాస్త్రజ్ఞులు ఆకులను పరిశీలించి 0 మొదలు 9 వఱకు అంకెలు వేయుదురు. కంటితో చూచి వేయు అంకె గదా! ఒకరు 4 వేసిన ఆకునకు మఱియొకరు 5 వేయవచ్చును. వ్యవసాయ కళాశాలలో పరిశోధన చేయుచున్న నా మనుమరాలు ఈ సందిగ్ధమును తగ్గింపదలచి, ఆకులకు ఛాయాచిత్రములు తీసి, ఆకు వైశాల్యములో మచ్చల వైశాల్యము నూటికి ఎంతయో కంప్యూటరు చేత కొలిపింప నారంభించెను. అందుకు ఆమె ఎన్నుకొన్న సాధనము ఇమేజ్‌జె.

ఇమేజ్‌జె పుట్టినది అమెరికాలో, మేరీలాండ్ రాష్ట్రమందలి బెథెస్డాలోని జాతీయ ఆరోగ్య సంస్థలలో. అచట వేన్ రాస్‌బాండ్ అను శాస్త్రజ్ఞుడు 1987లో మాకింటోష్ కంప్యూటరు కొఱకు ఎన్.ఐ.హెచ్. ఇమేజ్ అను ప్రోగ్రామును ప్రారంభించెను. అది ఒక్క జాతి కంప్యూటరుమీదనే నడచునది. అన్ని కంప్యూటర్లమీదను నడువవలెనను తలంపుతో 1997లో జావా భాషయందు క్రొత్తగా వ్రాసినది ఇమేజ్‌జె. చివరనున్న జె అను అక్షరము జావాకు గుర్తు. దీనికి మూల్యము లేదు; దీని మూలపాఠమును ఎవరైనను చదువవచ్చును, మార్చుకొనవచ్చును. సూక్ష్మదర్శినిలో కనబడు జీవకణములను లెక్కించువారును, లోహములలోని రేణువులను కొలుచువారును, మా పిల్లవలె ఆకులమీది మచ్చలను కొలుచువారును దీనినే వాడుదురు. ఇన్ని విధముల పనులను ఒక్కడు ముందుగా ఊహించి వ్రాయజాలడు. అందుచేత రాస్‌బాండ్ ఒక ద్వారమును తెరచియుంచెను. మూలప్రోగ్రామును కదలింపకయే దానికి క్రొత్త విద్య నేర్పు చిన్న ప్రోగ్రామును ఎవరైనను వ్రాసి చేర్చవచ్చును. దానిని ప్లగిన్ అందురు. అట్టి ప్లగిన్లు నేడు వందలకొలది కలవు.

నా మనుమరాలు అట్టి ప్లగిన్ ఒకటి వ్రాసెను. వ్రాసినది ఎక్లిప్స్ అను సాధనములో. ప్రోగ్రామును వ్రాయుటకు, తప్పులు దిద్దుటకు, అప్పటికప్పుడు నడిపి చూచుటకు వలయు పనిముట్లన్నియు ఒకచోట కూర్చిన ఇట్టి సాధనమును డెవలప్‌మెంట్ ఎన్విరాన్‌మెంట్ అందురు. వడ్రంగికి పాక యెట్టిదో ప్రోగ్రాములు వ్రాయువారికి ఇది యట్టిది. 2023వ సంవత్సరము సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు ఆమె పండుగను మఱచి ఆ పాకలోనే కూర్చుండెను. ఎక్లిప్స్ నుండి ఇమేజ్‌జెను నడుపును. ప్లగిన్స్ మెనూ తెరచును. అందులో తన ప్లగిన్ పేరు లేదు. ఎఱ్ఱని అక్షరములు లేవు, తప్పు జరిగినదను మాట లేదు. మిగిలిన మెనూలన్నియు నిక్షేపముగా పనిచేయుచున్నవి.

తరగతిలో తప్పు చెప్పు విద్యార్థిని దిద్దుట సులభము. ఏ మాటయు చెప్పక కూర్చున్నవానిని దిద్దుట కష్టము. ముప్పది యేండ్లకు పైగా పాఠము చెప్పినవాడను గనుక ఈ సంగతి నాకు బాగుగ తెలియును.

"మూడు రోజులుగా ఇదే తంతు, తాతయ్యా. నా ప్లగిన్‌లోనే ఎక్కడో తప్పుంది" అని ఆమె వాపోయెను. అప్పటికే ఇమేజ్‌జెను రెండుసార్లు తీసివేసి మరల చేర్చినదట. మచ్చల రంగును వేఱుచేయు భాగమును మొదటినుండి తిరుగ వ్రాసినదట. స్నేహితులు ఎవరు ఏమి చెప్పిన అది చేసినదట. తీసివేసి మరల చేర్చుమను సలహాను నేను ఎప్పుడును మెచ్చను. దొంగతనము జరిగిన యింటిని అలికి ముగ్గు పెట్టి, ఆపైన అడుగుల జాడలు వెదకుటవంటిది అది.

నాకు జావా భాష రాదు. అయినను ఒక ప్రశ్న అడుగుటకు జావా అక్కఱలేదు.

"ఆ మెనూలోని పేర్లు ఎక్కడినుంచి వస్తాయమ్మా?"

"ప్లగిన్స్ అనే ఫోల్డరులోంచి. మొదలుపెట్టగానే ఆ ఫోల్డరు చదివి, అందులో ఉన్నవాటి పేర్లు మెనూలో పెడుతుంది."

"ఏ ప్లగిన్స్ ఫోల్డరు?"

"ఇమేజ్‌జె ఉన్నచోటి ఫోల్డరే తాతయ్యా. నా ఫైలు అందులోనే ఉంది. ఇప్పుడే చూశాను."

"నీవు చూచినది ఆ ఫోల్డరు. అది చూచినది కూడ అదేనా?"

ఆమె కొంతసేపు మాటలాడలేదు. దోషమంతయు తన ప్లగిన్‌లో ఉన్నదని ఆమె మూడు దినములు నమ్మినది. కాని మెనూలో పేరే రాలేదనగా, ఆ ప్లగిన్‌లోని ఒక్క పంక్తియైనను ఇంకను నడువలేదని యర్థము. సమాధాన పత్రము దిద్దువాని బల్లమీదికే చేరనప్పుడు, అందులోని తప్పులను గూర్చి విచారించుట యెందులకు?

చెఱువుగట్టుకు పొమ్మని మా ఊరిలో నిలిచి చెప్పినచో మా చెఱువుగట్టు అని యర్థము. ప్రక్క ఊరిలో నిలిచి అదే మాట చెప్పినచో వారి చెఱువుగట్టు. కంప్యూటరులోను ఇట్లే యుండును. ప్రతి ప్రోగ్రామును ఏదో యొక ఫోల్డరులో నిలిచి పని ప్రారంభించును. ఇమేజ్‌జెను నేరుగా తెరచినప్పుడు అది తన యింటనే నిలిచియుండును. ప్లగిన్స్ ఫోల్డరు అనగా తన యింటిలోని ఫోల్డరే. ఎక్లిప్స్ నుండి నడిపినప్పుడు అది మనము వ్రాయుచున్న ప్రాజెక్టు ఫోల్డరులో నిలుచును. ప్లగిన్స్ ఫోల్డరు కొఱకు అక్కడనే వెదకును. అక్కడ అట్టి ఫోల్డరు లేదు. లేనందున ఇమేజ్‌జె కోపింపదు. చేర్చవలసిన ప్లగిన్లు ఏవియు లేవనుకొని ముందునకు సాగును. తనలో పుట్టుకతోనే యున్న ఆజ్ఞలు ఎట్లును మెనూలలో కనబడును గనుక చూచువారికి ఎక్కడను లోపము తోపదు. చీకటి గదిలో కుండను వెదకి లేదనుట ఇదియే.

ఈ సంగతిని ఊహతో వదలక నిరూపించుకొను మార్గము ఇమేజ్‌జెలోనే యున్నది. ప్లగిన్స్ మెనూలో యుటిలిటీస్ అను భాగమున ఇమేజ్‌జె ప్రాపర్టీస్ అను ఆజ్ఞ కలదు. అది తాను ఏ ఫోల్డరులో నిలిచి పనిచేయుచున్నదో అచ్చువేసి చూపును. ఆమె దానిని తెరచినది. అచ్చట ప్రాజెక్టు ఫోల్డరు పేరు కనబడినది.

సరియైన ఇంటి చిరునామాను ఇమేజ్‌జెకు తెలుపుటకు ప్లగిన్స్.డిర్ అను గుర్తు కలదు. ప్లగిన్స్ ఫోల్డరు ఏ ఫోల్డరులో నున్నదో ఆ పై ఫోల్డరు చిరునామాను దానికి ఈయవలెను. దీనిని చెప్పవలసినది జావా యంత్రమునకు. ఎక్లిప్స్‌లో నడుపుటకు ముందు వివరములు నింపు పుటయందు రెండు పెట్టెలు కలవు: పైనున్నది ప్రోగ్రామునకు చెప్పవలసిన మాటల కొఱకు, క్రిందనున్నది జావా యంత్రమునకు చెప్పవలసిన మాటల కొఱకు. మా పిల్ల తొందరలో పై పెట్టెలో వ్రాసినది. మరల నిశ్శబ్దమే! తండ్రికి వ్రాసిన ఉత్తరమును కొడుకు చేతికిచ్చినట్లయినది. అతడు చదివి యూరకుండెను. క్రింది పెట్టెలోనికి మార్చిన పిమ్మట మెనూ నిండినది. ఆమె అంతకుముందు చేర్చుకొనిన ఇతరుల ప్లగిన్లన్నియు వరుసగా వచ్చి నిలిచినవి. ఆమెది మాత్రము రాలేదు.

ఆమె నిరాశపడెను గాని నాకు అది మంచి వార్తగా తోచినది. ఇప్పుడు గదిలో దీపము వెలిగినది. ఇతరములు కనబడుచుండగా ఇది మాత్రమే కనబడలేదనిన, చూచు చోటులో లోపము లేదు. ఈ పేరులోనే యేదో యున్నది.

ఇమేజ్‌జెకు ఒక నామధేయ నియమము కలదు. ప్లగిన్స్ ఫోల్డరులోని క్లాసు పేరులో ఒక్క అడుగుగీతయైనను ఉన్నచో అది మెనూలోనికి పోవును. లేనిచో పోదు. దీనికి కారణము లేకపోలేదు. ఒక ప్లగిన్‌కు సహాయముగా మఱికొన్ని క్లాసులు వ్రాయవలసివచ్చును. అవి వంటయింటిలోనివారి వంటివి. వడ్డనకు బయటికి రానక్కఱలేదు. ఎవరు రావలెనో తెలుపుటకు ఆ గీతయే బొట్టు. పైగా జావాలో పేరు నడుమ ఖాళీ విడువరాదు గనుక ఆ గీతయే ఖాళీకి బదులుగా నిలుచును. మెనూలో చూపునప్పుడు ఇమేజ్‌జె ఆ గీతను తీసి ఖాళీని ఉంచును. సమాసమును విడదీసి చదివినట్లుండు ఈ యేర్పాటు నాకు ఎంతయో నచ్చినది.

మా పిల్ల మొదట లీఫ్_బ్లాస్ట్ అనియే పేరు పెట్టినదట. క్లాసు పేర్లలో అడుగుగీత ఉండరాదు, పదములను కలిపి వ్రాయవలెను అని జావా సంప్రదాయము తెలిసిన మిత్రుడొకడు చెప్పగా లీఫ్‌బ్లాస్ట్ అని మార్చినది. అతడు చెప్పినది అబద్ధము కాదు. జావా వ్రాయువారి మర్యాద అదియే. అయినను ఒక శాస్త్రమున దోషమైనది మఱియొక శాస్త్రమున విధి కావచ్చును. ఇమేజ్‌జె యింటికి పోవువారు ఆ యింటి మర్యాదను పాటింపవలెను. గీతను మరల చేర్చగానే పేరు వచ్చినది. ఆమె కేక విని వంటయింటిలోనుండి మా యింటివారు ఏమైనదోయని పరుగున వచ్చిరి.

క్లాసులను జార్ అను ఒకే మూటగా కట్టి యిచ్చుట కూడ కలదు. అప్పుడు మూటలో ప్లగిన్స్.కాన్ఫిగ్ అను చిన్న ఫైలునుంచి, ఏ మెనూలో, ఏ పేరుతో, ఏ క్లాసును నడుపవలెనో ఒక్క పంక్తిలో వ్రాయవచ్చును. క్లాసుల పేర్లకు అప్పుడు గీత అక్కఱలేదు; మూట పేరునకు మాత్రము ఉండవలెను.

మఱునాడు ఇమేజ్‌జెను నేరుగా తెరచి ప్లగిన్‌ను నడుపగా ఎఱ్ఱని అక్షరములు వచ్చినవి. వానిని చూచి నేను సంతోషించితిని. మాటలాడు దోషము సగము తీరిన దోషము. జావాకు అనేకమైన కూర్పులు కలవు. ప్రతి క్లాసు ఫైలులోను మొదటనే కూర్పు అంకె వ్రాయబడియుండును. జావా 8కు ఆ అంకె 52, జావా 17కు 61. క్రొత్తది పాతదానిని చదువగలదు. పాతది క్రొత్తదానిని చదువజాలదు. ఎక్లిప్స్ 17వ కూర్పునకు తగినట్లు ఫైలును తయారుచేయుచుండెను; ఆమె ఇమేజ్‌జెలోని జావా 8వది. ఎక్లిప్స్‌ను 8వ కూర్పునకు తగినట్లు తయారుచేయుమని ఆజ్ఞాపించుటతో అది తీరినది.

ఇంతవఱకు జరిగినది కాలహరణమే. నిజమైన ఆపద దీని తరువాత వచ్చినది.

అగ్గితెగులు మచ్చల అంచు లేతగా నున్నచోట ప్లగిన్ దానిని విడిచివేయుచున్నదని ఆమె గమనించి, రంగు హద్దును సవరించెను. ఎక్లిప్స్ నుండి నడిపి కొన్ని ఆకులను కొలిచెను. రాత్రి మిగిలిన ఆకులను, పని త్వరగా సాగునని, ఇమేజ్‌జెను నేరుగా తెరచి కొలిచెను. పట్టిక చక్కగా నిండినది. ఒక ఆకు చిత్రము పొరపాటున రెండు వరుసలలోను చేరియుండెను. మొదటి వరుసలో దాని మచ్చలు నూటికి 19. రెండవ వరుసలో నూటికి 12. ఆకు ఒక్కటే, ప్లగిన్ పేరు ఒక్కటే, మెనూ ఒక్కటే. ఆ ఆకు రెండుసార్లు చేరకపోయిన యెడల ఈ సంగతి ఎవరికిని తెలిసియుండెడిది కాదు.

జావాలో క్లాసులను వెదకి తెచ్చు పనివాడు ఒకడు కలడు. వానిని క్లాస్ లోడరు అందురు. వానికి తండ్రివంటివాడు మఱియొకడుండును. ఏ క్లాసు కావలసినను ముందు తండ్రిని అడిగి, అతనియొద్ద లేనప్పుడే తాను వెదకుట జావాలోని సామాన్య నియమము. ఎక్లిప్స్ నుండి నడిపినప్పుడు అప్పుడే తయారైన క్రొత్త క్లాసు తండ్రియొద్దనే యుండును. కాబట్టి నడచినది క్రొత్తది. ప్లగిన్స్ ఫోల్డరులోని ప్రతి మెనూకు పేరును మాత్రము అందించినది. ఇమేజ్‌జెను నేరుగా తెరచినప్పుడు తండ్రియొద్ద ఈ క్లాసు లేదు. అప్పుడు ఫోల్డరులోని ప్రతియే నడచును. ఆ ప్రతి ఏది? హద్దును సవరించుటకు ముందు ఆమె తన చేతితో నకలు చేసి ఉంచిన పాతది. కనబడకుండుటను గూర్చి మేము అన్ని దినములు కలత చెందితిమి. కనబడిన పేరును గూర్చి మాత్రము అది మనదేనా యని ఎవరమును అడుగలేదు.

నీవు ఏ చోటినుండి వచ్చితివని క్లాసునే అడుగు విధానము జావాలో కలదు. ఆమె దానిని ప్లగిన్‌లో చేర్చెను. ఇప్పుడు కొలత పట్టికలో ప్రతి వరుస చివరను, ఆ కొలత నిచ్చిన ఫైలు చిరునామాయు, అది తయారైన దినమును, గడియయు అచ్చగుచున్నవి. చేతితో నకలు చేయుట మాని, ప్లగిన్ తయారైన ప్రతిసారియు దాని మూట తనంతట తానే ఫోల్డరులోనికి పోవునట్లు కూడ ఏర్పాటు చేసికొనెను.

2007లో ఇమేజ్‌జెను ఆధారముగా చేసికొని ఫిజీ అను కూర్పు వెలువడినది. ఫిజీ ఈజ్ జస్ట్ ఇమేజ్‌జె అను మాటల తొలి అక్షరములే ఆ పేరట. ఫిజీ యనగానేమి యన్నచో వివరణలో మరల ఫిజీయే వచ్చును! మన తార్కికులు దీనిని ఆత్మాశ్రయ దోషమని తప్పుపట్టియుందురు. ప్రోగ్రాములు వ్రాయువారు అది చమత్కారమనుకొందురు. ఆ వంశమున వచ్చిన క్రొత్తరకపు ప్లగిన్లకు అడుగుగీత అక్కఱలేదు. క్లాసుకు ముందు ప్లగిన్ అని ఒక గుర్తు వ్రాసినచో, తయారగునప్పుడే పేర్ల జాబితా యొకటి సిద్ధమై మూటలో చేరును. ఇమేజ్‌జె ఆ జాబితాను చదువును. జాబితా సిద్ధము కాకపోయిన యెడల పేరు మరల మెనూలో నుండదు. మరల ఎఱ్ఱని అక్షరములు ఉండవు.

సెలవులు ముగియుటకు రెండు దినములుండగా ఆమె ఆకులన్నింటిని మొదటినుండి మరల కొలిచెను. నేను ప్రక్కన కూర్చుండి చిత్రముల సంఖ్యలను చదువుచుండగా ఆమె పట్టికతో సరిచూచుకొనెను. తెగులును బాగుగ తట్టుకొనునని పాత పట్టికలో మొదటి వరుసలో నిలిచిన వరి రకమొకటి నాలుగు స్థానములు క్రిందికి దిగినది. దాని ఆకులన్నియు రాత్రివేళ, పాత ప్రతితో కొలిచినవి. మఱుసటి కారునకు విత్తనము తెప్పించుటకు వ్రాసియుంచిన జాబితా నుండి ఆ పేరును ఆనాడే కొట్టివేసి, ఆమె తన ఉపాధ్యాయునకు ఉత్తరము వ్రాయుటకు కూర్చుండెను.